డెవిల్స్ పూల్‌లో ఈత: ఏప్రిల్‌లో కుదరదు, అక్టోబరులో వెళ్లండి

ప్రశ్న: ఏప్రిల్ నెలాఖరులో పిల్లల సెలవులకు జాంబియా వెళ్లి విక్టోరియా జలపాతం చూడాలనుకుంటున్నాం. జలపాతం అంచునే ఉండే డెవిల్స్ పూల్‌లో జనం ఈదుతున్న వీడియోలు చూసినప్పటి నుంచి నాకూ దిగాలని ఉంది. నాకు స్విమ్మింగ్ పూల్‌లో ఈత బాగానే వచ్చు. మా ఆవిడకు రాదు, పైగా ఆవిడకు ఆ వీడియో చూస్తేనే టెన్షన్. నిజంగా సేఫేనా? అంత నీరు మనిషిని ఎందుకు తోసెయ్యదు? అక్కడ అసలు ఎలా ఉంటుంది?

సమాధానం:

ముందు తేదీల సంగతి తేల్చుకుందాం, మిగతా అన్నిటికీ అదే మూలం. ఏప్రిల్ నెలాఖరు అంటే జాంబెజీ నది ఏడాది మొత్తంలో నిండుగా పారే రోజులు. డెవిల్స్ పూల్ ఉన్న చోట అప్పుడు వరద విరుచుకుపడుతుంటుంది. గుంట ఎక్కడుందో కంటికి ఆనదు. పూల్ పక్కనే ఉన్న లివింగ్‌స్టోన్ ద్వీపానికి ఆ రోజుల్లో మామూలుగా పడవలు కూడా నడవవు. పూల్‌లోకి మనుషుల్ని దించేది దాదాపు ఆగస్టు మధ్య నుంచి జనవరి మధ్య వరకు. ఇది కూడా ఖాయమైన లెక్క కాదు, నీటిమట్టాన్ని బట్టి ఏ ఏటికా ఏడు మారుతుంది. వానలు గట్టిగా పడ్డ ఏడాది తెరవడం ఆలస్యమవుతుంది, మూసేయడం ముందే జరుగుతుంది. కాబట్టి మీ ఏప్రిల్ టికెట్లతో డెవిల్స్ పూల్ కుదరదు. ఎవరైనా కుదురుతుందని చెప్పి డబ్బు అడిగితే ఇవ్వకండి.

నేను ఉద్యోగం మీద జాంబియాలో కొన్నేళ్లు ఉన్నాను. ఇంటికి చుట్టాలు ఎవరొచ్చినా లివింగ్‌స్టోన్ ఊరు తీసుకెళ్లే పని నా మీదే పడేది. అలా ఆ జలపాతాన్ని నిండు వరదలోనూ చూశాను, రాళ్లు తేలిన రోజుల్లోనూ చూశాను, పూల్‌లోనూ దిగాను. ఈత గురించి కాకుండా ముందు నది గురించి ఎక్కువ చెబుతున్నానని అనుకోకండి. అక్కడ మీ ప్రాణం మీ ఈత మీద కంటే నది ఆ వారం ఎంత ఎత్తులో ఉందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి దాకా. మరి వానలు తగ్గాక ఏప్రిల్‌లో వరదేమిటి అని అనుమానం రావచ్చు. జాంబెజీ జాంబియా వాయవ్య మూలన పుట్టి, అంగోలాలోకి వెళ్లి, మళ్లీ జాంబియాలోకి వస్తుంది. జలపాతానికి చాలా ఎగువన బరోట్సే అని ఒక పెద్ద వరద మైదానం ఉంది. పైన కురిసిన నీరు ముందు ఆ మైదానమంతా పరుచుకుంటుంది, అక్కడ వారాల తరబడి నిలిచి మెల్లగా కిందికి జారుతుంది. అక్కడి లోజీ ప్రజలు వరద పెరిగే వేళకు రాజుతో సహా పడవల్లో మెట్ట ప్రాంతానికి తరలిపోతారు. కువొంబోకా అని దాన్ని పెద్ద వేడుకలా చేస్తారు. ఆ నీరంతా జలపాతం దగ్గరికి వచ్చేసరికి ఏప్రిల్, ఒక్కోసారి మే కూడా అవుతుంది. అందుకే పైన ఆకాశం నిర్మలంగా ఉన్నా కింద నది ఉరకలేస్తుంటుంది. దీనికి రెండో వైపు కూడా అంతే: అక్టోబరులో, నవంబరు మొదట్లో ఎండ మండిపోతుంటుంది, ఒక్కోసారి పైన మబ్బులు కూడా కమ్ముతాయి, కానీ నది ఏడాదిలోకెల్లా సన్నగా ఉంటుంది. ఈత కాలం అదే.

ఇక నీరు మనిషిని ఎందుకు తోసెయ్యదన్న మీ ప్రశ్న. పూల్ సరిగ్గా జలపాతం పెదవి మీద ఉంటుంది, అక్కడి నుంచి కిందికి వంద మీటర్ల లోయ. కానీ గుంటకు లోయ వైపున రాతి గట్టు ఒకటి ఉంది. అది నీటిమట్టానికి కాస్త కిందుగా ఉంటుంది కాబట్టి వీడియోల్లో కనబడదు, చూసేవాళ్లకు నీటితో పాటు మనిషి కూడా జారిపోతాడేమో అనిపిస్తుంది. నది తగ్గిన రోజుల్లో ఆ గట్టు మీంచి పల్చటి పొరగా మాత్రమే నీరు పోతుంది, నిండిన తొట్టి అంచు మీంచి పొర్లినట్టు. పైనుంచి వేగంగా వచ్చిన నీరు లోతైన గుంటలో పడగానే దాని వేగం చాలావరకు చచ్చిపోతుంది. మీ ఒళ్లు గట్టుకు ఆనుతుంది, నీరు మాత్రం మీ భుజాల మీంచి, పక్కల నుంచి దాటిపోతుంది.

ఇదంతా ఆ పొర పల్చగా ఉన్నంతవరకే. పారే నీటి తోపుడు దాని లోతుతో, వేగంతో పెరుగుతుంది. అందులోనూ వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతుంది. మోకాలి లోతు నీరే వేగంగా పారుతుంటే పెద్దమనిషి కాళ్లు లాగేస్తుంది. నది పెరిగి గట్టు మీద నీరు ఎత్తుగా పారడం మొదలైతే ఆ గట్టు ఉన్నా లేనట్టే. గైడ్లు రోజూ పొద్దున్నే చూసేది దీన్నే. మీరు చెల్లించి, విమానం దిగి, పడవ దాకా వచ్చాక కూడా "ఈరోజు పూల్ లేదు" అనవచ్చు. అంటే వాళ్లు తమ పని సరిగ్గా చేస్తున్నట్టు. వాదించకండి.

ఆ రాయి గురించి రెండు మాటలు. జలపాతం పడేది బసాల్ట్ మీద. సుమారు 18 కోట్ల ఏళ్ల కింద పారిన లావా గడ్డకట్టి ఏర్పడిన రాయి అది. చల్లారేటప్పుడు దానిలో పెద్ద పెద్ద పగుళ్లు వచ్చాయి, వాటిలో మెత్తటి మట్టిరాయి నిండింది. నది ఆ మెత్తటి భాగాన్ని కోసుకుంటూ ఒక పగులు నుంచి మరో పగులుకు వెనక్కి జరుగుతూ వచ్చింది. జలపాతానికి దిగువన వంకర్లు తిరిగి కనబడే లోయలన్నీ ఒకప్పుడు జలపాతం ఉన్న చోట్లే. ఇప్పుడున్న గీత కూడా శాశ్వతం కాదు, పడమటి చివర డెవిల్స్ క్యాటరాక్ట్ అనే పాయ దగ్గర నది మిగతా చోట్ల కంటే లోతుగా కోస్తోంది. మీ మనవల కాలానికీ ఏమీ మారదు లెండి, ఇది వేల ఏళ్ల లెక్క.

జలపాతం వెడల్పు 1,708 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ ఎత్తు 108 మీటర్లు. ఈ అంకెలు చదివితే ఏమీ అనిపించదు. అంచున పడుకుని కిందికి చూసినా ఎత్తు అంచనాకు అందదు. స్కాట్లాండ్ యాత్రికుడు డేవిడ్ లివింగ్‌స్టోన్‌ను 1855 నవంబరులో స్థానికులు చిన్న పడవలో తీసుకొచ్చి దించింది పూల్ పక్కనున్న ఈ ద్వీపానికే. ఆయన అంచు దాకా పాక్కుంటూ వెళ్లి చూసి, లోతు వంద అడుగులు ఉంటుందని రాసుకున్నాడు. 1860లో మళ్లీ వచ్చి, తాడుకు తుపాకీ గుళ్లు, గుర్తుగా ఒక తెల్ల గుడ్డముక్క కట్టి కిందికి వదిలితే 310 అడుగుల తాడు పట్టింది. అంతటి అనుభవం ఉన్న యాత్రికుడికే కన్ను మూడోవంతు కూడా చెప్పలేదు. కారణం కిందినుంచి ఎగసే తుంపర. అడుగు కనబడదు, కొలవడానికి కంటికి ఆధారం దొరకదు. ఆయన బ్రిటన్ రాణి విక్టోరియా పేరు పెట్టకముందే ఆ చోటుకు మోసి-ఓ-తున్యా అనే పేరుంది, ఉరిమే పొగ అని. నిండు నదిలో ఆ తుంపర 400 మీటర్లకు పైగా లేస్తుంది, చాలా దూరం నుంచే పొగలా కనబడుతుంది.

ఇప్పుడు అసలు అక్కడ ఎలా ఉంటుందో చెబుతాను.

పడవ ఎక్కేది జాంబియా ఒడ్డున, జలపాతానికి ఎగువన. మోటారు పడవ రాళ్ల మధ్య సందులు వెతుక్కుంటూ కొద్ది నిమిషాల్లో ద్వీపం చేరుస్తుంది. దిగగానే సంతకాలు, చెప్పులు విప్పడం, గైడ్ల హెచ్చరికలు. తర్వాత రాళ్ల మీద నడక. ఆ రాళ్లు కొన్ని నున్నగా ఉంటాయి, కొన్ని ఎండకు కాలిపోతుంటాయి. నా చుట్టాలందరిలోనూ నేను చూసిందేమిటంటే, పూల్‌లో కంటే ఇక్కడే కాళ్లు వణుకుతాయి. ఎందుకంటే నదికి అవతలి ఒడ్డు కనబడాల్సిన చోట ఆకాశం ఉంటుంది. నీరు మీ ముందు తాపీగా, అద్దంలా సాగుతుంటుంది, ఒక గీత దగ్గర ఉన్నట్టుండి అయిపోతుంది. ఆ గీత అవతల నుంచి తెల్లటి పొగ లేస్తుంటుంది. మెదడు దాన్ని ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే మంచిది కూడా.

అక్కడి నుంచి నీళ్లలో ఈదాలి. పూల్‌కు నేరుగా వెళ్లరు. కొంచెం ఎగువ నుంచి ఏటవాలుగా ఈదితే ప్రవాహమే మిమ్మల్ని పూల్ వైపుకు చేరుస్తుంది. తాడు కట్టి ఉంటుంది, ఒక గైడు ముందు, ఒకరు పక్కన. దూరం ఎక్కువేమీ కాదు కానీ అది పారే నీరు, ఆగితే పక్కకు లాగుతూ ఉంటుంది. చివరికి ఒక రాయి ఎక్కి, అక్కడి నుంచి పూల్‌లోకి దూకమంటారు, లేదంటే నెమ్మదిగా జారమంటారు. దూకిన వాళ్లకు ఒక క్షణం పైప్రాణం పైనే పోతుంది. నీళ్లలోంచి తల బయట పెట్టేసరికి ప్రవాహం మిమ్మల్ని గట్టు వైపు మోసుకెళుతుంటుంది, ఇక అయిపోయాం అనుకునేలోపు మోచేతులు రాతికి తగులుతాయి. ఆ రాయి తగిలినప్పుడు వచ్చే నవ్వు ఉంది చూశారూ, ఎంత గంభీరమైన మనిషైనా పిల్లాడిలా నవ్వుతాడు. నేను దానికోసమే మళ్లీ మళ్లీ వెళ్లాను.

నీరు గోరువెచ్చగా ఉంటుంది, అక్టోబరు ఎండకు హాయిగా ఉంటుంది. చిన్న చేపలు కాళ్లను, నడుమును పొడుస్తుంటాయి. హాని లేదు గాని ముందే తెలియకపోతే ఉలిక్కిపడి అరుస్తారు, అరిస్తే పక్కవాళ్లు బెదిరిపోతారు. చప్పుడు మాత్రం మీరనుకున్నట్టు ఉండదు. ఒడ్డు మీద చెవులు గింగురుమంటాయి, పూల్‌లో గట్టుకు ఆనుకున్నాక ఆ శబ్దం చెవుల్లో కంటే రొమ్ములో ఎక్కువ తెలుస్తుంది. రాయి సన్నగా అదురుతున్నట్టు ఉంటుంది. తర్వాత గైడు ఒక్కొక్కరినే గట్టు మీద బోర్లా పడుకోబెట్టి, చీలమండలు పట్టుకుని, కిందికి చూడమంటాడు. తల లోయ మీద ఉంటుంది. తుంపర కిందినుంచి మొహాన కొడుతుంది. పొద్దుటి పూట అయితే ఆ తుంపరలో ఇంద్రధనుస్సు మీ కింద ఉంటుంది, దాన్ని పైనుంచి చూడటం అలవాటు లేని కన్ను కాసేపు తికమకపడుతుంది.

ఫొటోలు తీసేది ఇక్కడే. ఫొటో కోసం చేతులు వదిలెయ్యడం, గట్టు మీద నిలబడటం, గైడు పట్టుకోకముందే పడుకోవడం లాంటివి చెయ్యకండి. గట్టు మనిషిని ఆపుతుంది, మూర్ఖత్వాన్ని ఆపలేదు. రాయి మీద నాచు ఉన్న చోట్లు ఉన్నాయి.

మీ ఈత సరిపోతుందా? స్విమ్మింగ్ పూల్‌లో ఎన్ని సార్లు అటూ ఇటూ తిరిగారన్నది ఇక్కడ పెద్ద కొలత కాదు. గోడ పట్టుకోకుండా, కాళ్లు నేలకు ఆనకుండా, ఈత గాగుల్స్ లేకుండా, మొహం మీద నీళ్లు కొడుతుంటే కంగారు పడకుండా ఒక ఐదు నిమిషాలు తేలగలరా? అది కొలత. వెళ్లే ముందు కొన్ని నెలలు లోతున్న వైపు ఇది సాధన చేయండి. వెల్లకిలా తేలడం బాగా రావాలి. పారే నీటిలో ఎక్కడైనా పట్టు తప్పితే, వెల్లకిలా తిరిగి, పాదాలు ప్రవాహం పోయే వైపు పెట్టుకుని తేలాలి, అప్పుడు ముందు రాయికి తగిలేవి పాదాలు, తల కాదు. ప్రవాహానికి ఎదురీదాలని చూడకూడదు, ఏటవాలుగా ఒడ్డు వైపు పోవాలి. వేగంగా పారే చోట లేచి నిలబడే ప్రయత్నం అసలు చేయకూడదు. పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటే నీరు మనిషిని ముందుకు పడేసి తల పైకి లేవకుండా చేస్తుంది. నదుల్లో మంచి ఈతగాళ్లు కూడా పోయేది ఇలాగే. డెవిల్స్ పూల్ దగ్గర గైడ్లు మీకు ఆ అవసరం రానివ్వరు, అయినా ఒంటికి తెలిసి ఉండాలి.

ఈత ఎంత వచ్చినా ధైర్యం వేరే సంగతి. మా బావమరిది కాలేజీ రోజుల్లో ఈత పోటీల్లో కప్పులు తెచ్చినవాడు. తాడు దగ్గరికి వచ్చి, ఆ ఆకాశం గీత చూసి, అక్కడే ఆగిపోయాడు. గైడు నవ్వలేదు, బలవంతం చెయ్యలేదు, "ఇక్కడే కూర్చోండి, ఇక్కడి నుంచి ఇంకా బాగా కనబడుతుంది" అన్నాడు. అదే రోజు మా బృందంలో జుట్టు నెరిసిన ఒక పెద్దావిడ నింపాదిగా ఈది వెళ్లింది. ఎవరు దిగుతారో ఒడ్డున చెప్పలేం. వద్దనిపిస్తే చివరి క్షణంలోనైనా ఆగిపోవచ్చు, ఆ మాట మీవాళ్లందరికీ ముందే చెప్పి ఉంచండి. ఒకరి ఎగతాళికి భయపడి దిగేవాళ్లే నీళ్లలో కంగారు పడతారు.

మీ ఆవిడ విషయంలో నా మాట సూటిగా: ఈత రాకపోతే దిగొద్దు, లైఫ్ జాకెట్ ఉన్నా, గైడు ఒప్పుకున్నా. ద్వీపం దాకా మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి. ఈదకుండానే అక్కడి నుంచి జలపాతం పెదవి దగ్గరగా కనబడుతుంది, ఒడ్డు మీద ఏ వ్యూ పాయింటూ దానికి సాటిరాదు. మా వదిన ఈత రాక ద్వీపంలోనే కూర్చుని, మేం పూల్‌లో ఉన్నంతసేపూ దేవుళ్లందరికీ దండాలు పెట్టింది, బయటికొచ్చాక తనే అందరికంటే ఎక్కువ కబుర్లు చెప్పింది. చిన్నపిల్లల్ని పూల్‌లోకి దించరు, కనీస వయసు ఎంతో బుక్ చేసేటప్పుడే అడగండి. గర్భవతులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు ఆశ పెట్టుకోవద్దు. మందు తాగి దిగడం గురించి చెప్పనక్కర్లేదనుకుంటా.

ఇప్పుడు మీ ప్లాన్ సంగతి. నిండు జలపాతం, పూల్‌లో ఈత రెండూ ఒకే ప్రయాణంలో దొరకవు. ఈదగలిగేంత నీరు తగ్గిందంటే జలపాతంలో సగం రాతిగోడే. ముఖ్యంగా జాంబియా వైపు తూర్పు భాగం అక్టోబరు, నవంబరులో దాదాపు ఎండిపోతుంది. ఎగువన కరెంటు కేంద్రానికి కొంత నీరు మళ్లిస్తారు, దానివల్ల ఆ భాగం ఇంకా పలచబడుతుంది. ఆ రోజుల్లో వచ్చి జాంబియా పార్కు మాత్రమే చూసినవాళ్లు "ఇదేనా విక్టోరియా జలపాతం" అని నిట్టూర్చి వెళ్లడం చాలాసార్లు చూశాను. వాళ్లు వంతెన దాటలేదు, అంతే. 1905లో కట్టిన ఆ వంతెన నది మీద 128 మీటర్ల ఎత్తున ఉంటుంది, నడిచి దాటితే జింబాబ్వే. ఆ వైపు నుంచి డెవిల్స్ క్యాటరాక్ట్, మెయిన్ ఫాల్స్ నది తగ్గిన రోజుల్లోనూ పారుతూ ఎదురుగా కనబడతాయి. ఎదుటి అంచున చీమల్లా పూల్‌లో ఈదుతున్న జనం కూడా కనబడతారు. నన్నడిగితే పొద్దున పూల్‌లో దిగి, మధ్యాహ్నం వంతెన దాటి, మీరు పడుకున్న ఆ గట్టును ఎదుటి నుంచి ఒకసారి చూడాలి. లోయ ఎంత లోతో అప్పుడు తెలుస్తుంది. కాళ్లు వణికేది కూడా అప్పుడే.

ఇలా దాటి రావాలంటే రెండు దేశాల వీసా కావాలి. కాజా యూనివీసా అని రెండింటికీ కలిపి ఒకటి ఉంది. మీ పాస్‌పోర్టుకు ఇప్పుడు ఏది వర్తిస్తుందో టికెట్ కొనేముందు ఆ దేశాల ఇమిగ్రేషన్ సైట్లలో చూసుకోండి, ఈ రూల్స్ తరచూ మారుతుంటాయి. మలేరియా ఉన్న ప్రాంతం, మాత్రల గురించి డాక్టర్‌ను ముందే కలవండి.

ఏప్రిల్‌లోనే వెళ్లాల్సి వస్తే మానుకోమని అనను. అది వేరే అనుభవం. జాంబియా వైపు నైఫ్ ఎడ్జ్ అనే కాలి వంతెన మీద నడుస్తుంటే నడినెత్తిన ఎండ ఉండగానే కుండపోత వానలో తడుస్తారు, ఒక్కోసారి తుంపర తెరలో జలపాతమే కనబడదు. వినబడుతుంది, తగులుతుంది, కనబడదు. రెయిన్‌కోటు, ఫోన్‌కు నీళ్లు చొరని సంచీ తప్పనిసరి. పున్నమికి అటూ ఇటూ ఉన్న రాత్రుల్లో పార్కు తెరిస్తే వెన్నెల ఇంద్రధనుస్సు చూడొచ్చు, నీరు ఎక్కువున్న నెలల్లోనే అది బాగా వస్తుంది. నీరూ కావాలి, జలపాతం కళ్లకు కనబడటమూ కావాలి అంటే జూన్, జూలై నయం. పిల్లలు చిన్నవాళ్లయితే, వాళ్లెలాగూ పూల్‌లోకి దిగరు కాబట్టి, ఏప్రిల్ ప్రయాణం వాళ్లకు బాగానే ఉంటుంది. ఈత కోసం మీరు తర్వాత ఎప్పుడైనా సెప్టెంబరు, అక్టోబరు చూసుకోండి.

ఇంకో మాట, ఇది మీరు అడగలేదు. డెవిల్స్ పూల్‌లో దిగొచ్చాక చాలామందికి ఒక తెగింపు వస్తుంది. అంచునే ఈదినవాడికి మామూలు జలపాతం కింద మడుగు ఒక లెక్కా అని. నిజానికి ఆ కింది మడుగుల్లోనూ మనుషులు పోతుంటారు. పడే నీరు గాలిని కలుపుకుని నురగలు కక్కుతుంటుంది. ఆ నురగ నీటికి మనిషిని తేల్చే శక్తి తక్కువ, మంచి ఈతగాడు కూడా మునుగుతాడు. పడిన నీరు అడుగుకు వెళ్లి, దూరంగా పైకి లేచి, పైభాగంలో మళ్లీ జలపాతం వైపే తిరుగుతుంది. అందులో చిక్కితే నీరు మనిషిని వెనక్కి లాగి, కిందికి తోసి, మళ్లీ లాగుతుంది. రాతిగోడ కింద బొరియలుంటాయి, అడుగున చెట్ల మొద్దులుంటాయి, పైనుంచి రాళ్లు పడతాయి. ఈదాలంటే నీరు పడే చోటుకు దూరంగా, మడుగు చివర, నీరు తేటగా ఉండి అడుగు కనబడే చోట ఈదండి. లోతు తెలియని చోట తలకిందులుగా దూకొద్దు. తేట నీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, చప్పుడు మారినా వెంటనే ఒడ్డెక్కండి. మీ నెత్తిన చుక్క పడకపోయినా ఎగువన వాన పడి ఉంటుంది. డెవిల్స్ పూల్‌లో ఆ నదిని ఏళ్లుగా చూస్తున్న గైడ్లు ఉన్నారు, తాడు ఉంది, గట్టు ఉంది. అడవిలో ఏదో మడుగు దగ్గర అవేవీ ఉండవు.

అదే కారణంగా, నీరు తగ్గిన నెలల్లో జాంబియా ఒడ్డున ఎవరైనా దగ్గరికొచ్చి "పడవ అక్కర్లేదు, రాళ్ల మీంచి నడిపించి తీసుకెళ్తా, సగం డబ్బులివ్వు" అంటే వెళ్లకండి. నది తగ్గినప్పుడు రాళ్లు నిజంగానే తేలతాయి, దారి సులువుగానే కనబడుతుంది. అంచు వెంబడి అంత దూరం నడుస్తున్నప్పుడు కాలు జారితే పట్టుకునేవాళ్లుండరు. అనుమతి ఉన్న టూర్లు ద్వీపానికి పడవల్లోనే తీసుకెళ్తాయి.

బుకింగ్ ముందే చెయ్యండి. పడవలో కొద్దిమందినే ఎక్కిస్తారు, సెప్టెంబరు నుంచి స్లాట్లు త్వరగా అయిపోతాయి. లివింగ్‌స్టోన్‌లో కనీసం మూడు రాత్రులు ఉండేలా చూసుకుని, పూల్‌ను మొదటి రోజుకే పెట్టుకోండి. ఆ రోజు నీరు ఎక్కువై ఆపేసినా మరుసటి రోజుకు మార్చుకునే వీలుంటుంది. పొద్దుటి స్లాట్ అడగండి, ఎండ తక్కువ. ఒంటికి అతుక్కునే ఈత బట్టలు వేసుకోండి, వదులు టీషర్టు నీళ్లలో బరువై చేతులకు అడ్డం పడుతుంది. ఉంగరాలు, గొలుసులు గదిలోనే వదిలెయ్యండి, అక్కడ జారిపోతే వెతికే ప్రసక్తే లేదు. కళ్లజోడు ఉంటే వెనక పట్టీ కట్టుకోండి. ఫోన్ గైడ్ల చేతికిచ్చి పూల్‌లోకి దిగండి. ఏ రాయి మీద నిలబడి తీస్తే లోయ కూడా పడుతుందో వాళ్లకు మనకంటే బాగా తెలుసు.